పాశం తిన్న వానమిషను

మా ఇంట్లో వాన వస్తే తిట్టేవాళ్ళు. ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. నేలలో గుంత తీసి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసే పాత మగ్గం. మా వీధేమో పల్లం. కాస్త గట్టిగా నాలుగు చినుకులు పడితే గోడ కిందనుంచి నీళ్ళు ఊరి గుంతలోకి దిగేవి. పట్టుపోగు చెమ్మకు మెత్తబడేది, నాయన నేత ఆపి బక్కెట్ పట్టుకునేవాడు. జిల్లా అంతా ఆకాశానికి చేతులు జోడించి మొక్కుతుంటే, మా నాయన ఒక్కడే అదే ఆకాశం వైపు చూసి, "యాడన్నా సేన్ల మింద పడి సావగూడదా, నా మగ్గం మిందనే పడల్లనా?" అని అరిచేవాడు.

అలాంటి ఇంట్లో పుట్టి వాన మీద పరిశోధన చేస్తానన్నాను. నాయన "దాన్ని నిలిపేదానికా?" అని ఆశగా అడిగాడు.

"కాదు నాయనా, కొలిచేదానికి."

"దానికి ఊర్లెంబడి పోయేదెందుకు? బక్కెట్ ఇస్తా, ఈడనే కొలుచుకో."

నేను కంబదూరు వైపు ఒక పల్లెకు వెళ్ళాను. నా పని చెప్పడం తేలికే, ఎదుటివాళ్ళను ఒప్పించడమే కష్టం. మా సీమలో శెనక్కాయ, అంటే వేరుశెనగ, వేయాలంటే ముందు నేల పదునెక్కాలి. పదునంటే విత్తనం మొలిచేంత తడి. ఏడాదిలో మొట్టమొదట ఆ పదును తెచ్చే వాన ఎప్పుడు పడుతోంది, పాతకాలంకన్నా వెనక్కి జరుగుతోందా, పడితే ఎంత పడుతోంది, ఇదీ నేను తేల్చాల్సింది. పాత సంగతులకు తాలూకా కచేరీల్లోని వాన లెక్కలు, ముసలివాళ్ళ జ్ఞాపకాలు. కొత్త సంగతికి ఊరి బయట బండమీద పెట్టిన వానమిషను. అంటే ఏడాది మొత్తంలో నాక్కావలసింది ఒక్క వాన. అది తప్పిపోతే ఆ ఏడు పోయినట్టే. మూడేళ్ళ పనిలో రెండు వానలు దొరికాయి. మూడోది దొరక్కపోతే నా డాక్టరేటు పట్టా ఆగిపోతుంది, మిషను పీకించి వేరే ఊళ్ళో పెట్టిస్తారు. ఈ మాట మా సారు బెంగళూరు నుంచి ప్రతి సోమవారం ఫోన్ చేసి మరీ గుర్తుచేసేవాడు.

సారు చాలా పెద్ద చదువరి. గుహల్లో వేలాడే రాళ్ళను కోసి, లోపలి పొరలు చూసి, రాజుల కాలంలో ఏయే ఏళ్ళు కరువులో చెప్పగలడు. ఒకసారి ఊళ్ళో ఈ విషయం గొప్పగా చెప్పాను. రచ్చబండ మీద కూర్చున్న పెద్దమనిషి అంతా విని, "రాజుల కాలం వాన తెలుస్తాదా మీ సారుకు? రేపటిది తెలీదా?" అన్నాడు. తెలీదన్నాను. "మల్ల నీకు?" నాకూ తెలీదు. నేను రాబోయే వాన చెప్పేదాన్ని కాదు, పడిన వానను కొలిచేదాన్ని అని విడమరిచి చెప్పాను. ఆయన తువ్వాలు దులుపుకుంటూ, "పడిన వాన మాగ్గూడా తెలుస్తాదిలేమ్మా, నెత్తి తడుస్తాది గదా" అని లేచి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది, అది నాయన పోలిక.

ముసలివాళ్ళ జ్ఞాపకాలు సేకరించడం ఇంకో తలనొప్పి. "తాతా, మీ చిన్నప్పుడు మొదటి వాన ఎప్పుడు పడేది?" అని అడిగితే, "పడాల్సినప్పుడు" అని జవాబు. ఏ ఏడాది వానైనా ఎవరి పెళ్ళికి ముందో, ఎవరి ఎనుము ఈనిన తర్వాతో అన్నట్టుగానే గుర్తుండేది. ఊరికి మొదటిసారి బస్సు వచ్చిన ఏడు వాన బాగా పడిందని ఒక తాత, ఆ ఏడు పడకపోబట్టే జనం ఊరు విడిచిపోవడానికి బస్సు వచ్చిందని ఇంకో తాత. ఇద్దరూ నా ముందే కర్రలెత్తారు. వాళ్ళను విడిపించేసరికి నా పాతకాలపు వాతావరణ పరిశోధన ఆ రోజుకి ముగిసింది.

నేను ఒక అవ్వ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆమెకు కొంచెం మెట్ట చేను, నాలుగు గొర్రెలు ఉండేవి. ఎదురుగా ఏ ప్రాణి కనిపించినా దాని కడుపులో ఏదో ఒకటి పడేదాకా ఆమెకు తోచదు. కుక్కకు పెడుతుంది, కాకికి పెడుతుంది, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన మనిషికి సంకటి పెడుతుంది. నేను డాక్టరేటు కోసం వచ్చానని చెబితే, "డాక్టరయినా తినల్ల గదమ్మే" అని ఇంకో ముద్ద వేసింది.

మిషను సంగతి చెప్పాలి. నిలువెత్తు కంబం, దాని మీద గాలి వేగం చూసే మూడు చిన్న గిన్నెలు గిరగిరా తిరుగుతుంటాయి. పక్కనే ఒక డబ్బా, దాని నోట్లో గరాటు. గరాటులో పడిన వాన కింద ఉన్న చిన్న గిన్నెలోకి దిగుతుంది. గిన్నె నిండగానే వాలిపోతుంది. అది వాలిన ప్రతిసారీ ఒక లెక్క నా ఫోనుకు, సారు కంప్యూటరుకు వెళ్తుంది. చుట్టూ కంచె, కంచెకు తాళం. తాళంచెవి మాత్రం అవ్వ ఇంట్లో మేకుకు వేలాడుతుండేది, ఎందుకంటే నా దగ్గరుంటే నేను పారేసుకుంటాను.

ఊరి జనానికి ఆ మిషనంటే మొదటినుంచీ అనుమానం. దానికి కారణం లేకపోలేదు. చుట్టుపక్కల కొండల మీద గాలిమరలు లేచాయి. ఆ రెక్కలు మబ్బుల్ని తరిమేస్తున్నాయని, అందుకే వానలు లేవని ఊరంతా నమ్మకం. అది నిజం కాదని నేను బొమ్మలు గీసి మరీ చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. చివర్లో అవ్వ నా మిషను మీద గిరగిరా తిరుగుతున్న గిన్నెల్ని చూపించి, "ఇది దాని పిల్లనా?" అని అడిగింది.

ఆ మూడో ఏడు జూన్ పొడిగా పోయింది. జూలై కూడా పోయింది. ఇళ్ళలో శెనక్కాయ విత్తనం మూటలు కట్టి అట్లాగే ఉంది. ట్యాంకరు నీళ్ళకు బిందెలు వరుస కట్టాయి. సారు సోమవారాలు ఫోన్లో మాట్లాడే గొంతు మారింది. నేను పొద్దున లేవగానే మొబైల్లో సున్నా చూడటం, బయటికొచ్చి ఆకాశంలో అదే సున్నా చూడటం. పరిశోధకులు ఏ ఫలితమైనా సమంగా చూడాలని సారు నేర్పాడు. నేను మాత్రం లోపల్లోపల దేవుళ్ళందరికీ మొక్కేశాను. నాయన రోజూ ఫోన్ చేసి, "వాన వస్తాదంటావా?" అనేవాడు. రాదేమో నాయనా అంటే, "మంచిదే" అని, మళ్ళీ నాలుక కరుచుకుని, "అదే, నీకు మంచిది గాదులే" అనేవాడు.

అప్పుడు ఊళ్ళో వరదపాశం చేద్దామనుకున్నారు. మావైపు వాన కోసం చేసే మొక్కు అది. ఇంటింటా బియ్యం, బెల్లం పోగుచేసి పెద్ద డేగిసాలో పాశం వండుతారు. పాశమంటే పాయసమే. దాన్ని బండమీద పోస్తారు. ఊరిజనం మోకాళ్ళమీద వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, బండమీది పాశాన్ని నాలుకతో నాకుతారు. మనుషుల్ని ఆ స్థితిలో చూస్తే వానదేవుడికి మనసు కరుగుతుందని లెక్క. ఎక్కడ చేస్తారని అడిగాను. "ఇంగెక్కడ, నీ మిషనుండే బండ మిందనే" అంది అవ్వ. చెట్టూ చేమా అడ్డం లేకుండా ఆకాశం పూర్తిగా కనబడే చోటు కావాలని సారు వెతికి వెతికి ఎంచుకున్న బండ అది. ఊరి పూర్వీకులు కూడా అదే కారణంతో ఎంచుకున్నట్టున్నారు.

నేనూ వెళ్ళాను, చూడటానికే. "శాస్త్రం చదివిందానివి, నాకుతావా?" అని పెద్దమనిషి రెచ్చగొట్టాడు. రోషం వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని వంగాను. బండ కాలుతోంది. పాశం బాగుంది, కొంచెం ఇసుక, కొంచెం గొర్రెల వాసన తగులుతున్నా. సరిగ్గా అప్పుడే కొంగులో ఫోన్ మోగింది. సోమవారం. పక్కనున్న ఆమె తీసి నా చెవి దగ్గర పెట్టింది.

"ఎక్కడున్నావమ్మా?" అన్నాడు సారు.

"మిషను దగ్గరే సార్."

"ఏం చేస్తున్నావు?"

"వాన కోసమే చూస్తున్నాం సార్" అన్నాను, మూతి తుడుచుకోవడానికి చేతులు లేక పాశం మూతితోనే. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఆ వారం ఇంకా తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం, పడమటి వైపు నల్లగా లేచింది. ముందు దుమ్ము, తర్వాత మట్టివాసన, ఆ వెంటనే వాన. ఎలాంటి వాన! అవ్వ గుమ్మంలో నిలబడి రెండు చేతులూ చాచింది. వీధిలో ముసలీ ముతకా తడుస్తున్నారు. కర్రలెత్తిన తాతలిద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడ్డారు. నేనూ నడివీధిలోకి దూకి గంతులేశాను. తర్వాత గుర్తొచ్చి, కొంగు చాటున మొబైల్ పెట్టి చూశాను. సున్నా.

ఇంకాసేపటికి వస్తుందిలే అనుకున్నాను. జుట్టు నుంచి నీళ్ళు ధార కడుతున్నాయి. సున్నా. వీధి కాలువై పారుతోంది. సున్నా. పెద్దమనిషి తడిసి ముద్దయి నా పక్కకొచ్చి ఫోన్లోకి తొంగిచూసి, "ఏమంటాది?" అన్నాడు.

"వాన పడలేదంటోంది."

ఆయన ఆకాశం చూశాడు, నన్ను చూశాడు, మర్యాదస్తుడు కాబట్టి తువ్వాలు పిండి నా నెత్తిన కప్పాడు. నేను అవ్వ మేకు మీది తాళంచెవి లాక్కుని బండ వైపు పరిగెత్తాను. నాలుగు రోజుల నాటి బెల్లం తడిసి బండంతా జారుడు. రెండుసార్లు పడ్డాను. కంచె లోపలికి వెళ్ళి చూస్తే గరాటు అంచులదాకా నిండి, నీళ్ళు చుట్టూ పొంగి నేలపాలవుతున్నాయి. లోపలికి ఒక్క బొట్టు దిగడం లేదు. వేలు పెట్టి చూశాను. అడుగున మెత్తగా తగిలింది. తీస్తే అన్నం మెతుకులు, బెల్లం ముద్ద, అందులో చచ్చిన చీమలు. ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. మరుక్షణం అంతా అర్థమైంది.

"అవ్వా!"

అవ్వ గోనెసంచి నెత్తిన కప్పుకుని నా వెనకే వస్తోంది.

"ఈ గరాటులో పాశం పోసినావా?"

"పోసినా" అంది, దాపరికం లేకుండా. "ఊరందరూ నాకితిమి. అదొక్కటే నోరు తెరుసుకోని నిలబడుకోనుండాది, పాపం. నాకల్లంటే దానికి నాలిక ల్యాకపాయె. ఒక గెంటెడు పోసినా."

"మిషనుకు ఎందుకవ్వా పాశం?"

"కడుపు నిండితే మబ్బును తోలదనుకుంటి. తోలల్యా, సూడు!" అని వాన వైపు చెయ్యి చూపించింది. ఆమె లెక్క ఆమెకు సరిపోయింది. నా లెక్కే పోయింది.

నేను ఆ వానలో నిలబడి ఏం అరిచానో రాయను. నా మూడేళ్ళు అన్నాను, నా పట్టా అన్నాను, ఇంకా చాలా అన్నాను. అవ్వ బెదరలేదు గానీ బిత్తరపోయింది. ఇంత వాన పడితే ఏడ్చే మనిషిని ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

అప్పుడు నా కళ్ళు డేగిసా మీద పడ్డాయి. పాశం వండిన డేగిసా ఇంకా బండమీదే, నోరు తెరుచుకుని, వానంతా పట్టి కూర్చుంది! తోమడానికి నీళ్ళు లేక అక్కడే వదిలేశారు. నిలువు అంచుల డేగిసా. అలాంటి పాత్రలో నిలిచిన నీళ్ళ లోతు ఎంతో, పడిన వాన అంత. ఇంతకన్నా మంచి వానమిషను లేదు. నేను దాన్ని కౌగిలించుకున్నంత పని చేశాను. వాన తెరిపివ్వగానే స్కేలు ముంచి కొలిచాను. బ్రహ్మాండమైన అంకె. కళ్ళు తుడుచుకుని అవ్వ వైపు చూసి నవ్వాను. అవ్వ కూడా నవ్వి, "పొద్దన నానబెట్టింది మంచిదాయ గదా" అంది.

"ఏం నానబెట్టినావు?"

"అడుగంటిండ్లా. పొద్దన ట్యాంకరొచ్చినాంక నీళ్ళు తెచ్చి దాంట్లో పోసిపెడితి, మాడు నానుతాదని."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. "ఎన్ని పోసినావు?"

"చెంబుతో పోసినా."

"ఎన్ని చెంబులవ్వా?"

అవ్వ ఆలోచించింది. "రెండనుకో."

"అనుకోవడం కాదు, ఎన్ని?"

"మూడేమో. అయిదు గూడా అయ్యుండొచ్చు. చెంబులు లెక్కబెట్టుకుంట పోస్తారామ్మే ఎవరన్నా?"

ఇంటికి పరిగెత్తి చెంబు తెచ్చి కొలిచాను. రెండు చెంబులకూ అయిదు చెంబులకూ మధ్య తేడా డేగిసాలో వేలి మందం కూడా లేదు. కానీ ఎంత పడితే పదును వాన అనాలో సారు ఒక గీత గీసి పెట్టాడు. ఆ గీత సరిగ్గా ఆ మధ్యలోనే ఉంది. అవ్వ రెండు చెంబులు పోసుంటే అది పదును వాన, అయిదు పోసుంటే కాదు. గుహల్లో రాళ్ళు కోసి చరిత్ర చెప్పే శాస్త్రం మొత్తం వచ్చి ఒక ముసలామె చెంబులో ఇరుక్కుంది.

నేను బండమీద కూలబడ్డాను. కింద ఊళ్ళో జనం అప్పుడే గొర్రులు బయటికి లాగుతున్నారు, రేపటి విత్తనానికి. వాళ్ళకు నా గీతతో పని లేదు. అవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది. తర్వాత చాలా మెల్లగా, "ఏడవాకమ్మే. నీకెన్ని కావల్లో చెప్పు, అన్నే పోసినా అనుకో" అంది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంత ప్రేమగా ఎవరూ నాకు దొంగలెక్క ఇవ్వజూపలేదు. రెండని చెప్పమంటే చెప్పేది. ఎవరడిగినా, ఏ దేవుడి ముందైనా రెండనే చెప్పేది. నేను తల అడ్డంగా ఊపాను. "అట్ల కుదరదవ్వా" అన్నాను. "ఏం చదువమ్మా అది" అని ఆమె నా తల తుడిచింది.

సారుకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. "డేగిసా అంటే?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. "సరే, ఈ ఏడాది ఖాళీగా వదిలెయ్యి" అన్నాడు. తర్వాత ఇంకో ఏడు గడువిచ్చాడు గానీ, అది నాకు తెలిసింది నెల దాటాక. ఆ సాయంత్రానికి మాత్రం నాకు అంతా అయిపోయినట్టే. నాయన ఎప్పటిలా ఫోన్ చేసి, "వాన వస్తాదంటావా?" అనగానే బావురుమన్నాను. "వచ్చింది నాయనా. అంతా పోయింది. ఒక్క బొట్టు నాకు మిగల్లేదు."

నాయనకు ఏమీ అర్థమై ఉండదు. వాన వల్ల నష్టపోయి ఏడ్చిన వాళ్ళనే చూశాడు గానీ, వాన పోయిందని ఏడ్చే ఆడపిల్లను ఆయన చూడలేదు. "గమ్మునుండు పాపా, గమ్మునుండు" అన్నాడంతే.

మరుసటి పొద్దున ఆయనే మళ్ళీ చేశాడు. గొంతులో ఏదో హడావుడి. "పాపా, రాత్రి ఈడ కొట్టింది వాన. గట్టిగ కొట్టింది. మగ్గం గుంత నిండిపోయింది. నేను తోడేయల్యా. అట్లనే పెట్టినా. నువ్వు బిన్నా వచ్చి కొలుసుకో."

వెనకనుంచి అమ్మ గొంతు వినబడుతోంది: "సీర సగంలో ఉండాది, పట్టంతా పాడయితాదంటే ఇనల్యా. బక్కెట్ తీసుకుంటే చేతిలోనుంచి పెరుక్కున్యాడు. ఈయప్పకేమో మతి పోయినట్లుండాది."

దొరికిన బస్సు ఎక్కాను. కంబదూరు వాన లెక్కకు ధర్మవరం వాన పనికిరాదని నాకు తెలుసు. పైగా గుంతలోకి వచ్చినవి గోడ కింద ఊరిన నీళ్ళు, వీధి కాలువ నీళ్ళు. ఏ శాస్త్రానికీ అవి వాన లెక్క కావు. బస్సులో కూర్చుని ఇవన్నీ ఎలా చెప్పాలా అని ఆలోచించాను.

ఇంట్లో అడుగుపెట్టేసరికి నాయన గుంత గట్టున గొంతుక్కూర్చుని కాపలా కాస్తున్నాడు. సగం నేసిన చీరను తాళ్ళతో పైకెత్తి దూలానికి కట్టాడు. నీళ్ళ దరిదాపులకు ఎవర్నీ రానివ్వలేదట, కోడిని కూడా.

నేను స్కేలు తీశాను. ఊరకుండలేక, "నువ్వేమీ కలపలేదు గదా నాయనా, చెంబుతో గానీ?" అన్నాను.

"నా మగ్గంలో నేనే నీళ్ళు పోసుకుంటానా? ఏం పిల్లవే నువ్వు!"

గుంతలో స్కేలు ముంచాను. నాయన నా భుజం మీదనుంచి వంగి చూస్తున్నాడు. పుట్టినప్పటినుంచీ నేను ఆయన వానను బక్కెట్లతో వీధిలోకి విసరడమే చూశాను. అంకె చదివి ఫోన్లో రాసుకున్నాను. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను.

"సాలునా?" అన్నాడు నాయన. "సాలకుంటే ఇంకా రెండు దినాలు ఉండనీలే. పై వాన గూడా పడనీ."

చీర అంచు నుంచి ఒక బొట్టు జారి గుంతలో పడింది. ఆయన దాన్ని చూడనట్టే కూర్చున్నాడు.

"చాలు నాయనా" అన్నాను. లేచి మూలనున్న బక్కెట్ ఒకటి ఆయనకిచ్చి, ఇంకొకటి నేను తీసుకున్నాను.